పధ్నాలుగు మంది విన్న మాట

నా భార్య జబ్బు సంగతి నాకంటే ముందు పధ్నాలుగు మంది పంజాబీ ఆడవాళ్ళకు తెలుసు. ఇందులో అనుమానించేదేమీ లేదు. వాళ్ళకు రంజాన్ నెలలో తెలిసింది. నాకు ఆగస్టులో తెలిసింది. నవంబరులో కృపాబాయి చనిపోయింది.

నా పేరు అమోసు. మాది రాజోలు దగ్గర ఒక పల్లె. మిషన్ బడిలో పదో తరగతి వరకు చదివాను. ఒమన్ వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఘాలాలో ఒక కాంట్రాక్టు కంపెనీకి బస్సు నడుపుతాను. కృపాబాయి నా తర్వాత ఐదేళ్ళకు వచ్చింది. ఘాలాలోనే ఒక క్లినిక్‌లో ఆయా. ఆమె వీసా క్లినిక్ వాళ్ళదే. మేం మబేలాలో ఒక గది, వంటిల్లు అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. పిల్లలు లేరు.

శుక్రవారం ఉదయం మా తెలుగు సహవాసం. ఆరాధన చివర సాక్ష్యాలు చెప్పుకుంటారు. ఎవరికి ఏ మేలు జరిగిందో, ఏ కష్టం తీరిందో లేచి నిలబడి చెబుతారు. నేను నెలకోసారి చెప్పేవాణ్ణి. కృపాబాయి పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా లేవలేదు. ఒకసారి సంఘపెద్ద కాలేబ్ పట్టుబట్టి అడిగాడు. "మా ఇంటాయన చెబుతున్నారు కదండీ, ఇద్దరి తరఫునా" అంది. అందరూ నవ్వారు. ఆ జవాబు నాకు నచ్చింది. ఇంటికొచ్చాక మెచ్చుకున్నాను కూడా.

అదే శుక్రవారం మధ్యాహ్నం ఆమె జస్పాల్ కౌర్ ఇంటికి వెళ్ళేది.

జస్పాల్ కౌర్‌ది మా వెనక వీధి. ఆమె భర్త టైర్ల వ్యాపారి. ఆమెకు పిత్తాశయంలో రాళ్ళు తీసినప్పుడు క్లినిక్‌లో నాలుగు రోజులు కృపాబాయే చూసుకుంది. ఒళ్ళు తుడిచింది, తల దువ్వింది. ఆ పరిచయంతో గిద్దాకు రమ్మంది. గిద్దా అంటే పంజాబీ ఆడవాళ్ళు ఆడే ఆట. గుండ్రంగా నిలబడి చప్పట్లు కొడతారు. ఒకామె మధ్యలోకి వచ్చి రెండు మూడు పాదాలు అంటుంది. దాన్ని బోలీ అంటారు. అత్తను తిట్టవచ్చు, మొగుణ్ణి వెక్కిరించవచ్చు, తన గోడు చెప్పుకోవచ్చు. ఆఖరి పాదం అందరూ అందుకుంటారు. ఆమె వెనక్కి తగ్గుతుంది, ఇంకొకామె వస్తుంది. ఆ గదిలో మగవాళ్ళు ఉండరు. మధ్యలో నిలబడి అన్న మాటకు బయట జవాబు అడగకూడదు. అది వాళ్ళ ఆచారం.

ఇంటికి తీసుకురావడానికి నేనే వెళ్ళేవాణ్ణి. కింద టీ కొట్టు దగ్గర నిలబడితే మేడ మీద చప్పట్లు వినిపించేవి. ఆమె దిగి వచ్చేసరికి అరచేతులు ఎర్రగా ఉండేవి. ఏం చేశారని అడిగితే, చప్పట్లు కొట్టామండీ అనేది. నువ్వేమన్నావని నేను అడగలేదు. ఆమెకు పంజాబీ రాదు. ఏమంటుందిలే అనుకున్నాను.

ఆగస్టులో స్నానాల గది దగ్గర కళ్ళు తిరిగి పడింది. అప్పుడు చెప్పింది, చంక కింద గడ్డ ఉందని. ఎన్నాళ్ళ నుంచి అన్నాను. ఈమధ్యేనండీ అంది. డాక్టరు మాత్రం ఈమధ్య కాదన్నాడు. కాకినాడ తీసుకెళ్ళాను. మూడు నెలలు. ఊళ్ళో సమాధి చేసి జనవరిలో డ్యూటీకి తిరిగొచ్చాను.

వచ్చిన వారానికి జస్పాల్ కౌర్ పరామర్శకు వచ్చింది. గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది. చాలాసేపు ఏడ్చింది. హిందీలో అంది, "మేం ఆ రోజే చెప్పాం భాయిసాబ్, చూపించుకోమని. రోజూ క్లినిక్‌లోనే ఉంటుంది కదా, చూపించుకునే ఉంటుందనుకున్నాం."

ఏ రోజు అని అడిగాను.

ఆమె ఏడుపు ఆగిపోయింది. దాచడం చేతకాని మనిషి. రంజాన్‌లో ఒక శుక్రవారం గిద్దాలో అందని ఒప్పుకుంది. ఏమందని అడిగాను. గిద్దాలో మాట అడగకూడదంది. నేను ఆమె మొగుణ్ణి అన్నాను. అందుకే అడగకూడదంది.

వెళ్ళేముందు ఇంకో సంగతి బయటపెట్టింది. ఆ ఆడవాళ్ళు అన్న బోలీలను తను ఒక నోట్‌బుక్‌లో రాసిపెడుతోందట. ఇక్కడ పుట్టిన ఆడపిల్లలకు ఇవేవీ తెలియకుండా పోతున్నాయట. ఎప్పటికైనా పుస్తకం వేయాలని ఆమె కోరిక, పేర్లు లేకుండా. ఆ నోట్‌బుక్ కృపాబాయి దగ్గర ఉంది, వెతికి ఇమ్మంది.

"మా ఇంట్లో ఎందుకు పెట్టారు?" అన్నాను.

"మిగతా పధ్నాలుగు ఇళ్ళలో మగవాళ్ళకు పంజాబీ చదవడం వచ్చు. మీకు రాదు. మీ ఇల్లే భద్రం."

అలాంటిదేదీ ఇంట్లో లేదన్నాను. నేను అబద్ధాలాడే మనిషిని కాను. ఆ రోజు ఆడాను.

ఆమె మెట్లు దిగాక ఇల్లంతా వెతికాను. బియ్యం డబ్బాలో దొరికింది. ప్లాస్టిక్ సంచిలో చుట్టి, బియ్యం కింద. నీలం అట్ట. పేజీ నిండా పంజాబీ అక్షరాలు. ఎక్కడా పేరు లేదు. నాలుగు రోజులు డ్యూటీ నుంచి రాగానే దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. పేజీలు తిప్పాను. ఇందులో ఎక్కడో కృపాబాయి ఉంది. ఏ పేజీయో తెలియదు, ఏ గీతో తెలియదు. సమాధి దగ్గర కూర్చున్నప్పుడు కూడా ఆమె ఇంత దగ్గరగా ఉన్నట్టు అనిపించలేదు. ఇంత అందకుండా ఉన్నట్టూ అనిపించలేదు.

ఐదో రోజు దాన్ని గ్యారేజీకి తీసుకెళ్ళాను.

మా కంపెనీ బస్సులు బాగుచేసే గ్యారేజీ ఘాలాలోనే ఉంది. యజమాని పంజాబీ. అతని పేరు రాయను. అతని భార్య పేరు అసలే రాయను. గ్యారేజీ ఆయన అంటాను, చాలు. పదేళ్ళుగా తెలుసు. మాటకారి. చెయ్యి మంచిది. భోజనాల వేళ అతని దగ్గర కూర్చుని నోట్‌బుక్ చేతిలో పెట్టాను. నా భార్య సామాన్లలో దొరికింది, ఏం రాసుందో హిందీలో చెప్పమన్నాను. ఇంకా పధ్నాలుగు మంది ఆడవాళ్ళు అందులో ఉన్నారని నాకు తెలుసు. వాళ్ళ గురించి నేను ఆలోచించలేదు.

అతను చేతులు తుడుచుకుని చదవడం మొదలుపెట్టాడు. మొదటిది ఒక అత్తగారి మీద. కోడలు దుబాయి వెళ్దామంటే ఒమన్ తెచ్చారని, ఇక్కడికి కూడా అత్త వీసా తీసుకుని వచ్చిందని. అతను పగలబడి నవ్వాడు. రెండోది ఒక మొగుడి మీద. ఫోనును గుండెల మీద పెట్టుకుని పడుకుంటాడు, నేను ఛార్జింగు అయిపోయి పక్కన పడి ఉన్నాను అని. దానికి మెకానిక్‌లను కూడా పిలిచి వినిపించాడు. "మా ఆడవాళ్ళు ఇంతే డ్రైవర్ సాబ్, పులులు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ముందుకు వెళ్ళమన్నాను.

సగం నోట్‌బుక్ అయ్యాక ఒకచోట, ఇదేదో బస్సు గురించి అన్నాడు. చదివాడు.

చంక కింద శనగగింజ మొలిచింది, ఎవరికి చెప్పను?
ఖాళీ బస్సు వస్తుంటే చెయ్యెత్తాను,
లైటు వేసి వెళ్ళిపోయాడు నా మొగుడు.

మళ్ళీ చదవమన్నాను. చదివాడు. మూడోసారి కూడా అడిగాను.

ఇక్కడ ఒకటి చెప్పాలి. నేను తెల్లవారుజామున ఘాలా క్యాంపు నుంచి కూలీలను ఎక్కించుకుని మబేలా అవతల సైట్ దగ్గర దింపుతాను. ఖాళీ బస్సుతో ఏడు గంటలకు ఘాలా తిరిగి వెళ్తాను. అదే వేళకు కృపాబాయి మబేలా రోడ్డు పక్కన టాక్సీ కోసం నిలబడేది. ఆమె వెళ్ళేదీ ఘాలాయే. బస్సులో నలభై ఐదు సీట్లు. కంపెనీ బండిలో బయటివాళ్ళను ఎక్కించకూడదు. లోపల కెమెరా ఉంది. వచ్చిన కొత్తలోనే ఆమెకు చెప్పాను, నన్ను చూసి చెయ్యెత్తవద్దని. పదకొండేళ్ళు ఎత్తలేదు. ఒక్క రోజు ఎత్తింది. టాటా చెబుతోందనుకుని లైటు వేశాను. ఆ రోజు నాకు గుర్తుంది. రూలు నేను పెట్టింది కాదు.

నేను అది తలుచుకుంటూ ఉండగా గ్యారేజీ ఆయన తన సరదాకు పేజీ తిప్పాడు. ఆ కాగితం వెనకవైపున ఉన్నది గట్టిగా మొదలుపెట్టాడు.

పెళ్ళయిన నాటి నుంచి డీజిల్ వాసన పక్కన పడుకున్నాను,
చచ్చేలోపు ఒక్కసారి

అక్కడ ఆగిపోయాడు. మిగతాది లోపల చదువుకున్నాడు. మెకానిక్‌లు ఆ తర్వాతేమిటని అడిగారు. పనికి పొమ్మన్నాడు. నోట్‌బుక్ ఎవరిదని నన్ను అడిగాడు. జస్పాల్ కౌర్‌దని చెప్పాను. నా నోరు అంత తేలిగ్గా తెరుచుకుంది.

"జస్పాల్ ఇంటికి నా భార్య కూడా వెళ్తుంది" అన్నాడు. "పెళ్ళైన మొదటి నెలలో ఇదే మాట నాతో అంది. డీజిల్ వాసన అని. నవ్వుతూ అంది."

ఆ కాగితం చింపి మడిచి జేబులో పెట్టుకున్నాడు. అటువైపు నా భార్య మాట ఉందన్నాను. వినలేదు. నోట్‌బుక్ నా ఒళ్ళో పడేసి లోపలికి వెళ్ళిపోయాడు.

వారం తర్వాత జస్పాల్ కౌర్ వచ్చింది. ఈసారి కూర్చోలేదు. గ్యారేజీ ఆయన తన భార్య ఫోను లాక్కున్నాడట. ఆమె వీసా అతని మీద ఉంది. అది కేన్సిల్ చేయించి, గురువారం విమానంలో పంపేస్తానంటున్నాడట. పిల్లలిద్దరినీ ఇక్కడే ఉంచుకుంటాడట. మిగతా ఇళ్ళలో కూడా మగవాళ్ళు అడగడం మొదలుపెట్టారు, నువ్వేమన్నావు, నువ్వేమన్నావు అని. శుక్రవారం ఎవరూ రాలేదట.

"మీ ఆవిడ మాట ఒక్కటి కావాలని పధ్నాలుగు మంది మాటలు బజార్లో పెట్టారు" అంది.

"నా భార్య మాట నాకు చెప్పకపోవడం మీ తప్పు."

"చెప్పాల్సింది మేమా?"

నోట్‌బుక్ తీసుకొచ్చి ఇచ్చాను. ఆమె పేజీలు తిప్పి, చిరిగిన చోటు వేలితో తడిమింది. అప్పుడే ఇంకొకటి చెప్పింది. కృపాబాయి ఆ బోలీని తెలుగులో అందట. ఇన్నేళ్ళలో మధ్యలోకి వచ్చింది ఆ ఒక్కసారేనట. తర్వాత అర్థం హిందీలో చెబితే జస్పాల్ పంజాబీలో రాసుకుంది. ఆఖరి ముక్క మాత్రం మా ఊరి మాటలే అని నవ్వేసిందట. అర్థం చెప్పలేదు. దాన్ని జస్పాల్ రాయలేదు. కాని అందరూ అందుకున్న పాదం అదే కాబట్టి చప్పుడు గుర్తుందంది.

ఆమె గొంతులోంచి వచ్చిన తెలుగు ఈ భూమి మీద ఇంకా ఒకచోట ఉంది. అది తెలుగు రాని మనిషి నోట్లో ఉంది. చెప్పమన్నాను. బతిమాలాను. నేను ఎవరినీ బతిమాలను.

"ముందు ఆ పిల్ల విమానం ఎక్కకుండా నిలబెట్టండి" అంది.

"నేనేం చేయగలను?"

"ఆ కాగితం మీద రెండు వైపులా ఉన్నది కృప మాటేనని చెప్పండి. మీరూ డీజిల్ మనిషే. పేర్లు లేవు. చనిపోయిన మనిషిని ఎవరూ విమానం ఎక్కించలేరు."

ఆ డీజిల్ మాట పూర్తిగా ఏమిటో అప్పుడు అడిగాను. చెప్పింది. చచ్చేలోపు ఒక్కసారి అత్తరు వాసన పక్కన పడుకోవాలి. ఇదీ ఆ పాదం. ఇది నా భార్య అందని నేను పదిమందిలో ఒప్పుకోవాలి. ఇరవై రెండేళ్ళ కాపురంలో పరాయి మగవాడి వైపు తలెత్తని మనిషి గురించి. అంత అబద్ధం నావల్ల కాదన్నాను. ఆమె బతిమాలలేదు. "మీ ఇష్టం భాయిసాబ్. అది చెప్పకపోతే ఇది కూడా ఎప్పటికీ వినరు" అని వెళ్ళిపోయింది.

ఆమెను నేను క్షమించలేదు. బేరం పెట్టింది. అయినా మర్నాడు వెళ్ళాను. గ్యారేజీ ఆయన భార్య కోసం వెళ్ళానని చెప్పుకోవచ్చు. అది నిజం కాదు. ఆ చప్పుడు వినడం కోసం వెళ్ళాను.

అతను ఒక బస్సు కింద పడుకుని పని చేస్తున్నాడు. బయటికి వచ్చేదాకా నిలబడ్డాను. ఆ కాగితం రెండువైపులా ఉన్నది నా భార్య మాటేనని చెప్పాను. మొదట నమ్మలేదు. బస్సు మాట నీకు ఎలా తెలుసో డీజిల్ మాట కూడా అలాగే తెలుసా అన్నాడు. అవునన్నాను. ఆమె ఇంట్లో కూడా అలా అనేదన్నాను. క్లినిక్ నుంచి వచ్చి, నా చొక్కా విడిగా ఉతికేదన్నాను. అది నిజమే. కాబట్టే తడుముకోకుండా చెప్పగలిగాను.

అతను చాలాసేపు నా ముఖంలోకి చూశాడు. ముఖం మెల్లగా తేటపడింది. ప్రాణం లేచి వచ్చినట్టయింది అతనికి. ఆ తర్వాత నవ్వాడు.

"అయితే మీ ఆవిడకు అత్తరు కావలసి వచ్చిందన్నమాట, డ్రైవర్ సాబ్."

మెకానిక్‌లు పనులు ఆపి చూస్తున్నారు.

"అవును" అన్నాను.

"ఒక సీసా కొనిపెట్టాల్సింది. మూడు రియాళ్ళకు వస్తుంది."

అందరూ నవ్వారు. కాగితం ఇమ్మన్నాను. ఆ రోజే కాల్చేశానన్నాడు. బస్సు తాళం తీసుకుని వచ్చేశాను.

అతని భార్య విమానం ఎక్కలేదు. గురువారం సాయంత్రం నేనే జస్పాల్ ఇంటికి వెళ్ళాను. ఆమె మెట్ల మీదికి వచ్చింది. లోపలికి పిలవలేదు, నేనూ వెళ్ళను. ఎలా అందో అలాగే చెప్పమన్నాను. ఆమె ఒకసారి వెనక్కి చూసి, చున్నీ సర్దుకుని, మెల్లగా చప్పట్లు కొడుతూ అంది.

"ఆగు అమోసూ, ఆగు."

పంజాబీ యాసలో ఉంది. 'గు' దగ్గర సాగదీసింది. అయినా అది కృపాబాయి ఒరవడే. ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడే తీసుకుంది.

"దీన్నే అందరం అందుకున్నాం" అంది జస్పాల్. "వినడానికి బాగుందని చాలాసేపు అన్నాం. పధ్నాలుగు మందిమి. ఆమె మధ్యలో నిలబడి నవ్వుతూ, ఏడుస్తూ ఉంది."

ఆమె నన్ను భాయిసాబ్ అంటుంది. నా పేరు ఆమెకు ఎప్పుడూ అవసరం పడలేదు. ఇరవై రెండేళ్ళలో కృపాబాయి ఒక్కసారి కూడా నన్ను పేరు పెట్టి పిలవలేదు. మా వైపు పిలవరు. ఏవండీ అనేది. ఆస్పత్రిలో చివరి రోజున కూడా ఏవండీ, కాసిని నీళ్ళు అంది. నా పేరు ఆమె నోట ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆ గదిలో వాళ్ళకు తెలుసు.

అర్థమేమిటని జస్పాల్ అడిగింది. మా ఊరి మాటలే అన్నాను.

రెండు వారాల్లో అత్తరు సంగతి డ్రైవర్లందరికీ పాకింది. డ్రైవర్లలో తెలుగువాళ్ళున్నారు. సహవాసానికి చేరింది. ఆడవాళ్ళు నన్ను చూసి మాటలు ఆపేవారు. ఒకరోజు కాలేబ్ బస్సు దగ్గరికి వచ్చాడు. మంచివాడే. నా కంటే చిన్నవాడు.

"అన్నయ్యా, వదినగారి గురించి ఏదేదో అనుకుంటున్నారు. బతికుండగా ఆవిడ ఎలాంటిదో మాకు తెలీదా ఏంటి? అబద్ధమని మీరొక్క మాట అనండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను."

ఒక్క మాట అంటే అది గ్యారేజీకి చేరడానికి ఒక పూట పట్టదు. "డ్యూటీ టైమైంది" అన్నాను. బండి తలుపు వేసుకున్నాను. తర్వాత కూడా రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అదే చెప్పాను. మూడోసారి అడగలేదు. సహవాసంలో నా పక్క కుర్చీలో ఇప్పుడు ఎవరూ కూర్చోరు. కూర్చోకపోతే పోనీ.

గ్యారేజీ ఆయన, భార్య, పిల్లలు పోయిన ఏడాది ఒమన్ వదిలి వెళ్ళిపోయారు. ఎక్కడున్నా కలిసే ఉన్నారని విన్నాను. వాళ్ళు తెలుగు చదవరు. అందుకే ఇది ఒక్కసారి రాశాను. కృపాబాయి అనని మాటను ఆమె మీద వేసింది నేనే అని తెలియాలి కాబట్టి రాశాను. ఆమె అన్న మాట ఏదో కూడా రాశాను.

ఇంతే. దీని మీద నన్నెవరూ ఏమీ అడగవద్దు. కాలేబ్ అడిగినా, జస్పాల్ అడిగినా, ఊళ్ళో ఆమె అన్నదమ్ములు అడిగినా చెప్పను. దీని గురించి నేనిక మాట్లాడను.